సముద్రం పక్క గుళ్ళు, గోడల మీద లెక్కలు

చేగుంట నుంచి మాట్లాడుతున్న. ఈ ఎపిసోడ్‌లో కోస్తా గుళ్ళ గురించి చెప్పుకుందాం. ద్రాక్షారామం, సామర్లకోట, అమరావతి, చేబ్రోలు, మోటుపల్లి... ఈ పేర్లు చెప్పగానే మన దిక్కు పిల్లలు కొందరు అడుగుతారు: "అన్నా, మనది మెదక్ జిల్లా. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలె. ఆ గుళ్ళ ముచ్చట మనకెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. 2014 తర్వాత పెద్దయిన పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ అనిపిస్తది. అటు వాళ్ళ చరిత్ర, ఇటు మన చరిత్ర అని రెండు డబ్బాల్లో పెట్టేసుకున్నం. కానీ ఆ గుళ్ళ గోడల మీద రాసి ఉన్నది చదివితే ఆ డబ్బాలు నిలబడవు. మన ఓరుగల్లు రాజుల పేర్లు సముద్రం ఒడ్డున రాళ్ళ మీద ఉన్నయి. అక్కడి దీవి సీమ నుంచి వచ్చిన మనిషి ఓరుగల్లు రాజుకు ఏనుగుల దళపతి అయిండు. ఇవన్నీ ఎవరో ఊహించి చెప్పిన మాటలు కావు. రాతి మీద తేదీ వేసి మరీ చెక్కిన మాటలు.

అందుకే ఇవాళ నేను గుడిని మొక్కే చోటుగా మాత్రమే కాకుండా, చదివే చోటుగా చూపిస్త.

ఐదు ఆరామాలు

ముందు పంచారామాలతో మొదలుపెడదాం. అమరావతిలో అమరారామం, ద్రాక్షారామం, భీమవరం దగ్గర గునుపూడిలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం, సామర్లకోటలో కుమారారామం. ఐదూ శివుడి గుళ్ళే. కార్తీక మాసంలో ఒక్క రోజులో ఐదూ తిప్పే బస్సులు నడుస్తాయి కాబట్టి మీ ఇంట్లో ఎవరో ఒకరు వెళ్ళొచ్చే ఉంటారు.

కథ మీకు తెలిసిందే. తారకాసురుడి మెడలో శివలింగం ఉంది, అది ఉన్నంతవరకు వాడికి చావు లేదు. కుమారస్వామి దాన్ని ఐదు ముక్కలు చేసిండు. ఐదు ముక్కలు ఐదు చోట్ల పడ్డయి. ఇది పురాణం చెప్పే మాట.

శాసనాలు, కట్టడాలు చెప్పే మాట ఇంకోటి ఉంది. ఏడో శతాబ్దం మొదట్లో బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి కోస్తాను గెలిచి, తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడిని అక్కడ కూర్చోబెట్టిండు. ఆ తమ్ముడి వంశమే తూర్పు చాళుక్యులు, అంటే వేంగి రాజులు. ఏలూరు దగ్గర పెదవేగి వాళ్ళ రాజధాని. ఆ వంశంలో చాళుక్య భీముడు తొమ్మిదో శతాబ్దం చివర, పదో శతాబ్దం మొదట్లో ఏలిండు. ద్రాక్షారామం, సామర్లకోట గుళ్ళ కట్టడాన్ని ఈయన పేరుతోనే చెబుతారు. రెండు చోట్లా దేవుడి పేరు భీమేశ్వరుడు. రాజు పేరు దేవుడికి పెట్టడం ఆ రోజుల్లో మామూలే.

ఈ రెండు గుళ్ళల్లో ఒక విశేషం ఉంది. గర్భగుడి రెండంతస్తులు. లింగం ఎంత ఎత్తంటే, కింది అంతస్తు నుంచి లేచి పై అంతస్తు దాకా వస్తది. అభిషేకం చేయాలంటే మెట్లెక్కి పైకి పోవాలె. అమరావతిలో కూడా పైనుంచే అభిషేకం.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. ద్రాక్షారామం, శ్రీశైలం, కాళేశ్వరం, ఈ మూడు లింగాల నడుమ ఉన్న దేశమే త్రిలింగ దేశం, మన భాష పేరు అక్కడి నుంచే వచ్చిందని పాత నమ్మకం. భాషా పండితులు ఈ వ్యుత్పత్తిని అంత తొందరగా ఒప్పుకోరు. కానీ ఆ నమ్మకంలో ఉన్న మ్యాప్ చూడండి. ఒక మూల గోదావరి డెల్టా, ఒక మూల నల్లమల, ఒక మూల మన తెలంగాణ గోదావరి ఒడ్డు. పాతకాలం వాళ్ళు తెలుగు నేలను గుళ్ళతోనే కొలుచుకున్నారు.

గుడికి ముందు ఏముండె?

ఇక్కడ వేడి పుట్టించే ప్రశ్న ఒకటి ఉంది. ఆరామం అంటే తోట అనే కాదు, బౌద్ధ భిక్షువులు ఉండే చోటు కూడా. మరి పంచారామాలు ఒకప్పుడు బౌద్ధ ఆరామాలేనా? కొందరు చరిత్రకారులు అవునంటారు. కొందరు ఒక్క పేరు పట్టుకుని అంత మాట అనలేమంటారు.

సోషల్ మీడియాలో దీని మీద రోజూ కొట్లాటే. నేను ఏ పక్కనా అరవను. రుజువులు ఉన్న చోటికి తీసుకుపోత. అమరావతిలో గుడికి దగ్గరలోనే మహాస్తూపం ఉంది. క్రీస్తు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో వైభవంగా వెలిగింది. కోస్తా పొడుగునా భట్టిప్రోలు, ఘంటసాల, శాలిహుండం, ఇవన్నీ బౌద్ధ స్థలాలే. అంటే గుళ్ళు వచ్చేనాటికే ఆ నేల ఖాళీ నేల కాదు. పల్నాడులో చేజెర్ల కపోతేశ్వరాలయం ఉంది. దాని వెనక భాగం ఏనుగు వీపు లాగా గుండ్రంగా ఉంటది. బౌద్ధ చైత్యాల ఆకారం అదే. శివాలయం ఆ ఆకారంలో ఎందుకుందని చాలా కాలంగా పండితులు చర్చిస్తూనే ఉన్నారు.

అమరావతి స్తూపానికి తర్వాత జరిగింది చూడండి. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అక్కడికి మార్చినప్పుడు, కొత్త కట్టడాలకు రాయి కోసం ఆ దిబ్బ తవ్వారు. ఆ దశాబ్దంలోనే కాలిన్ మెకంజీ అనే అధికారి వచ్చి చూసిండు, తర్వాత మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించిండు. ఇవాళ ఆ శిల్పాలు చూడాలంటే చెన్నై మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం పోవాలె. రెండు వేల ఏళ్ళ శిల్పం కూడా ఒక తరం దాన్ని ఉత్త బండరాయి అనుకుంటే చాలు, పోతది. ఈ మాట మనసులో పెట్టుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

గొర్రెలతో వెలిగిన దీపం

ఇప్పుడు గోడల మీదికి పోదాం. ద్రాక్షారామంలో గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలు ఉన్నయి. 1923లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో ఇక్కడి శాసనాలు పేజీలకు పేజీలు ఉంటయి. తూర్పు చాళుక్యులు, చోళులు, వెలనాటి చోడులు, కాకతీయులు, రెడ్డి రాజులు, ఇట్ల వరసగా అందరి కాలాలు కనిపిస్తయి.

వాటిల్లో ఏం రాసి ఉంటది? పెద్ద పెద్ద యుద్ధాలు ఉంటాయనుకుంటాం. ఎక్కువ భాగం ఏందంటే దీపాల లెక్క. ఫలానా మనిషి, ఫలానా పుణ్యం కోసం, స్వామి ముందర అఖండ దీపం వెలగడానికి ఇన్ని గొర్రెలు ఇచ్చిండు. ఫలానా బోయ వాటిని తీసుకుని రోజూ మానెడు నెయ్యి పోయాలె. అంతే.

ఆ లెక్క ఎట్ల పనిచేస్తదో చూడండి. చాలా శాసనాల్లో ఒక దీపానికి 50 లేదా 55 గొర్రెలు, లేదంటే 25 ఆవులు. మంద కాపరి చేతికి పోతది. రోజూ కొలిచిన నెయ్యి గుడికి ఇయ్యాలె. మిగిలిన పాలు, పిల్లలు, ఎరువు కాపరికి. ముసలివి చస్తయి, పిల్లలు పుడతయి, మంద లెక్క మాత్రం తగ్గొద్దు. తమిళ శాసనాల్లో దీనికి మంచి మాట ఉంది. ఆ గొర్రెలను "చావని, ముసలి కాని గొర్రెలు" అంటారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. అసలు అట్లనే ఉంటది, వడ్డీతో దీపం వెలుగుతది. అందుకే శాసనంలో "ఆచంద్రార్కం" అని రాస్తారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం అని.

ఇచ్చినోళ్ళు ఎవరు? రాజులు, రాణులు ఉంటారు. కానీ వాళ్ళే కాదు. సేనాపతులు, వ్యాపారులు, గుడిలో పనిచేసే ఆడవాళ్ళు, మందలు కాసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ కావ్యంలోనూ ఉండవు. ఈ రాయి ఒక్కటే వాళ్ళ గుర్తు. రాజు పేరు పది చోట్ల ఉంటది కాబట్టి ఒక రాయి పోయినా బతుకుతది. 50 గొర్రెలు ఇచ్చిన ఒక ఆడమనిషి పేరు ఆ ఒక్క రాయి మీదే ఉంటది.

ఇంకొంచెం ఉత్తరానికి పోతే శ్రీకాకుళం వైపు ముఖలింగం, శ్రీకూర్మం, విశాఖ దగ్గర సింహాచలం. ముఖలింగం ప్రాంతం తూర్పు గంగరాజుల కళింగనగరం. సింహాచలంలో అన్నిటికన్నా పాత శాసనం 1098-99 నాటిది, కులోత్తుంగ చోళుడి కాలంది. ఈ కులోత్తుంగుడు ఎవరో తెలుసా? మన నన్నయతో మహాభారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. తల్లి చోళుల ఆడపడుచు. 1070లో పోయి చోళ సింహాసనం ఎక్కిండు. తండ్రి వైపు తెలుగు నేల, తల్లి వైపు తమిళ నేల. శ్రీకూర్మం స్తంభాల మీద తెలుగు, సంస్కృతం, ఒడియా మూడూ ఉన్నయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు సింహాచలం వచ్చి కానుకలు ఇచ్చి శాసనం వేయించిండు. భాష సరిహద్దులు, రాజ్యాల సరిహద్దులు ఆ గుళ్ళకు అంత గట్టిగా తెలియవు.

ఒకే రాజు, ఒకే ఏడాది, రెండు గుళ్ళు

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. శక సంవత్సరం 1135. దానికి 78 కలిపితే 1213. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఏ శాసనం చూసినా శక సంవత్సరానికి 78 కలిపితే మన క్యాలెండర్ సంవత్సరం ఇంచుమించు వచ్చేస్తది.

ఆ ఏడాది ఓరుగల్లులో గణపతిదేవుడు రాజు. ఆయన సేనాపతి రేచర్ల రుద్రుడు మన ములుగు దగ్గర పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించి శాసనం వేయించిండు. అదే రామప్ప గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ సంగతి మనందరికీ తెలుసు, స్టేటస్‌లు కూడా పెట్టుకున్నం.

అదే శక సంవత్సరం 1135 వేసిన ఇంకో శాసనం గుంటూరు దగ్గర చేబ్రోలులో ఉంది. వేయించింది జాయప సేనాని. కృష్ణా నది సముద్రంలో కలిసే దీవి సీమ వాళ్ళ వంశానిది. గణపతిదేవుడు కోస్తా మీదికి దండెత్తినప్పుడు ఆ సీమ గెలిచిండు. గెలిచిన తర్వాత ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్ళి చేసుకుని, వాళ్ళ తమ్ముడు జాయపను దగ్గరికి తీసి ఏనుగుల దళానికి పెద్దను చేసిండు. ఆ జాయప చేబ్రోలులో తండ్రి పేరు మీద చోడేశ్వరాలయం కట్టించిండు. ఇదే మనిషి నృత్తరత్నావళి రాసిండు. నాట్యం నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ చదివే పుస్తకం.

ఒకే రాజు, ఒకే సంవత్సరం. ఒక గుడి గోదావరి అడవుల దిక్కు, ఒక గుడి కృష్ణా డెల్టాలో. ఒకటి మనది, ఒకటి వాళ్ళది అని ఎట్ల విడగొడతాం?

అయితే తేడా లేదా అంటే ఉంది. అది కూడా తెలుసుకోవాలె. కోస్తాలో నేల పాతది, ఊళ్ళు పాతవి, నదుల నీళ్ళున్నయి. అక్కడ పాత పెద్ద గుడికి ఎంతోమంది వచ్చి చిన్న చిన్న దానాలు చేస్తారు. దీపాలు, గొర్రెలు అందుకే ఎక్కువ. మన తెలంగాణలో కాకతీయుల కాలం అంటే కొత్త ఊళ్ళు లేచే కాలం. వాన మీద బతికే నేల. ఇక్కడ సేనాపతి వచ్చి ముందు చెరువు తవ్విస్తడు, పక్కన గుడి కట్టిస్తడు, చెరువు కింది మడి గుడికి రాస్తడు. రామప్ప గుడి ఉందంటే రామప్ప చెరువు ఉంది. అక్కడ మంద, ఇక్కడ చెరువు. మా ఊరి పేరులోనే గుంట ఉంది చూడండి. మన దిక్కు ఊళ్ళ పేర్లల్లో చెరువులు, కుంటలు, గుంటలు ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి.

సముద్రం మీద వ్యాపారికి రాజు మాట

గుడిలో రాసేది దేవుడి లెక్కే కాదు. బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఉంది. ఇప్పుడు చిన్న ఊరు, అప్పుడు పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244-45 నాటిది.

అందులో ఉన్న విషయం ఇది. అంతకుముందు గాలివానకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ రాజులు లాక్కునేవాళ్ళు. మేం అట్ల చేయం, ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చే వ్యాపారికి సొమ్మే ప్రాణం, మాకు రావలసిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టం, అని గణపతిదేవుడు మాట ఇచ్చిండు. సుంకం ముప్పైలో ఒక వంతు. గంధం, పచ్చకర్పూరం, ముత్యాలు, పట్టు లాంటి సరుకుల పట్టిక కూడా అక్కడే ఉంది. 1358లో అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వ్యాపారులకు మళ్ళీ అట్లాంటి అభయమే ఇచ్చి శాసనం వేయించిండు. వెనిస్ వాడు మార్కోపోలో రాసిన ముత్ఫిలి ఈ మోటుపల్లే.

సముద్రం కనిపించని ఓరుగల్లులో కూర్చున్న రాజు సముద్రం మీది వాళ్ళకు ఇచ్చిన మాట అది. దాన్ని గుడిలో ఎందుకు రాయించిండు? అందరూ వచ్చే చోటు, ఎవరూ చెరపడానికి సాహసించని చోటు అదే కాబట్టి.

మందడంలో ఆసుపత్రి

ఇంకోటి చెప్పి ముగిస్త. ఇవాళ ఆంధ్ర సచివాలయం ఉన్న వెలగపూడి, దాని పక్కన మందడం, ఈ పేర్లు వార్తల్లో రోజూ వింటాం. అక్కడికి దగ్గర్లోనే మల్కాపురంలో ఒక పెద్ద రాతి స్తంభం ఉంది, పైన నంది. 1261 నాటి శాసనం. రుద్రమదేవి కాలం.

గణపతిదేవుడికి గురువు విశ్వేశ్వర శివాచార్యుడు, గౌడ దేశం నుంచి, అంటే బెంగాల్ వైపు నుంచి వచ్చిన శైవ గురువు. తండ్రి ఇస్తానన్న మందడం ఊరును, వెలగపూడితో కలిపి రుద్రమదేవి ఆ గురువుకు దానం చేసింది. ఆయన ఆ రాబడితో గుడి, మఠం, చదువుకునే శాల, అన్నసత్రం పెట్టిండు. ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా. అవును, కాన్పుల కోసం వేరే శాల. వేదాలు, తర్కం, సాహిత్యం చెప్పేవాళ్ళకు, వైద్యుడికి, లెక్కలు రాసే కరణానికి ఎవరి వంతు ఎంతో రాసిపెట్టిండు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చినోళ్ళందరికీ ఎప్పుడైనా అన్నం పెట్టాలని ఉంది.

అప్పుడు కులం లేదని నేను అనట్లేదు. చండాలుడు అన్న మాట రాసిన్రంటేనే కులం ఎంత గట్టిగా ఉందో తెలుస్తది. బ్రాహ్మణులకు ఇచ్చిన భూములూ అందులోనే ఉన్నయి. కానీ 760 ఏళ్ళ కింద ఒక గుడి రాబడిలో కాన్పుల ఖర్చు, వైద్యుడి జీతం రాసి ఉందంటే, గుడి అంటే ఏందో మనం ఇంకొంచెం పెద్దగా ఆలోచించాలె.

మరి మనం చేసేదేంది?

ఇప్పుడు అమరావతి రాళ్ళ ముచ్చట గుర్తు తెచ్చుకోండి. ఇవాళ మన ఊళ్ళల్లో పాత గుళ్ళకు బాగుచేస్తున్నామని ఏం చేస్తున్నారు? శాసనం ఉన్న రాయికి ఆయిల్ పెయింట్ వేస్తారు. గోడకు టైల్స్ అతికిస్తారు. స్తంభాన్ని ఇసుక మెషీన్‌తో రుద్దిస్తారు, అక్షరం అరిగిపోతది. శాసనం రాయిని గుడి ముందు మెట్టుగానో, బట్టలు ఉతికే బండగానో వాడతారు. చేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భక్తితోనే చేస్తారు. అక్కడ రాసింది ఎవరూ వాళ్ళకు చదివి చెప్పలేదు, అంతే.

దానాన్ని చెరిపినవాడు అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడని పాత శాసనాల చివర శాపం రాసేవాళ్ళు. శాపం భయం ఇప్పుడు పనిచేయదు. మన చేతిలో ఫోన్ ఉంది. అది పనిచేస్తది.

మీ ఊరి గుడిలో, చెరువు కట్ట మీద, పొలం గట్టున అక్షరాలున్న రాయి కనిపిస్తే ఇట్ల చేయండి. సున్నం, పిండి, నూనె ఏదీ పూయొద్దు. చాక్‌పీసుతో అక్షరాలు దిద్దొద్దు. మెత్తటి బట్టతో దుమ్ము మాత్రం దులపండి. మిట్టమధ్యాహ్నం ఫోటో తీస్తే అక్షరాలు కనపడవు. పొద్దున్నే లేదా సాయంత్రం, ఎండ పక్క నుంచి పడేటప్పుడు తీయండి. గర్భగుడి పక్కన చీకటి ఉంటే, పూజారిగారిని అడిగి, ఒకరు ఫోన్ లైట్‌ను రాయికి పక్క నుంచి కొట్టండి, ఇంకొకరు ఎదురుగా నిలబడి తీయండి. నీడ పడితే అరిగిపోయిన అక్షరం కూడా లేచి కనిపిస్తది. నాలుగు వైపులా తీయండి. కొలతకు పక్కన ఒక స్కేల్ పెట్టండి. ఊరు, తేదీ రాసి పెట్టుకోండి. లొకేషన్ మాత్రం అందరికీ తెలిసేటట్టు రీల్స్‌లో పెట్టకండి, విగ్రహాల దొంగలూ ఫోన్లు చూస్తారు. వారసత్వ శాఖ వాళ్ళకు పంపండి, దగ్గర్లో చరిత్ర చెప్పే లెక్చరర్ ఉంటే చూపించండి.

మన మెదక్ ఖిల్లా కూడా కాకతీయుల కాలంలో మొదలైందనే చెబుతారు. మోటుపల్లి స్తంభం మీద ఉన్న కాకతీయుల పేరు, మన ఖిల్లాతో చెప్పుకునే పేరు ఒక్కటే. కోస్తా గుళ్ళకు పోయినప్పుడు దర్శనం చేసుకుని బయటికి ఉరకకండి. ప్రదక్షిణ చేస్తూ ఒక్కసారి గోడ వైపు తలతిప్పి చూడండి. 50 గొర్రెలు ఇచ్చి, దీపం వెలగాలని కోరుకున్న మనిషి పేరు అక్కడ ఉండొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో మన దిక్కు చెరువు శాసనాల గురించి మాట్లాడుకుందాం. మీ ఊళ్ళో రాయి ఉంటే కింద రాయండి. ఉంట మరి, నమస్తే.